విరుగుడు ఉంటే చాలదు, వాడటం రావాలి

మేడ్చల్ రోడ్డులో కాలేజీ బస్సెక్కే మీలో చాలామంది దేవరయాంజాల్ దగ్గర 108 అంబులెన్సులు నడిపే ఈఎంఆర్‌ఐ ప్రధాన కేంద్రాన్ని చూసే ఉంటారు. 2005 ఆగస్టు 15న ఆ సర్వీసు మొదలైంది. అక్కడ ఫోన్లు ఎత్తడమే కాదు, డాక్టర్లకు, నర్సులకు, ఈఎంటీలకు ఎమర్జెన్సీ వైద్యంలో శిక్షణ కూడా ఇస్తారని ఎందరికి తెలుసు?

ఇలాంటి శిక్షణలో విషం కేసులకే పెద్దపీట వేయాలంటాను. మన ఎంబీబీఎస్‌లో విషశాస్త్రం ఫోరెన్సిక్ మెడిసిన్‌తో కలిసి ఉంటుంది. పోస్టుమార్టం పక్కన చదివిన పాఠం, శామీర్‌పేట అవతలి ఊళ్లోంచి రాత్రిపూట తెచ్చిన మనిషి ముందు గుర్తుకు రావాలి.

పురుగుమందునే తీసుకోండి. ఆర్గానోఫాస్ఫేట్ అయితే అట్రోపిన్ ఇస్తారు. ఎంత ఇవ్వాలి? దానికి ఒకే అంకె లేదు. ఐదు నిమిషాలకోసారి ఛాతీ విని, గురగుర తగ్గకపోతే డోసు రెట్టింపు చేస్తూ పోవాలి. కంటిపాప పెద్దదైంది కదా అని ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది. మా ఇంజినీర్ల భాషలో ఇదొక ఫీడ్‌బ్యాక్ లూప్. స్లైడ్లు చూస్తే రాదు, బొమ్మ మీద పదిసార్లు చేస్తే వస్తుంది. పాముకాటుకు రక్తం గడ్డకడుతోందో లేదో చూడటానికి శుభ్రమైన, పొడి గాజు ట్యూబు, 20 నిమిషాల ఓపిక చాలు. ప్లాస్టిక్ ట్యూబైతే ఫలితాన్ని నమ్మలేం. పారాసెటమాల్ మోతాదు మించినవాళ్లు మొదటి రోజు బాగానే కనిపించొచ్చు, కాలేయం దెబ్బ తర్వాత బయటపడుతుంది. విరుగుడు 8 గంటల్లోపు మొదలైతే చాలావరకు కాపాడొచ్చు.

అందుకే ఇది ఇష్టమున్నవాళ్లు వెళ్లొచ్చే వర్క్‌షాప్‌గా మిగలకూడదు. పీహెచ్‌సీ పోస్టింగ్‌కు ముందే తప్పనిసరి చేయాలి. డాక్టర్ వారం రోజులు శిక్షణకు వెళ్తే పేషెంట్లను ఎవరు చూస్తారంటారా? న్యాయమైన ప్రశ్నే. అలాగైతే బొమ్మలతో ట్రైనర్లే జిల్లాలకు వెళ్లాలి.

మరి మీకిందులో పనేముంది? బీఎస్సీ, ఫార్మసీ, నర్సింగ్ వాళ్లు ఈఎంటీ నోటిఫికేషన్లపై కన్నేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117లో 24 గంటలూ సలహా ఇస్తుంది. తెలుగులో అలాంటి కేంద్రం పెడితే ఫార్మసీ చదివినవాళ్లకే బోలెడు పని. బీటెక్ మిత్రులారా, ఇంకో యాప్ మాత్రం వద్దు! ఇచ్చిన డోసును బట్టి ఛాతీ శబ్దం మారే చౌక బొమ్మ తయారుచేయండి, ఫైనలియర్ ప్రాజెక్టుకు అది చాలు.

అన్నట్టు, హాస్టల్లో ఎవరైనా ఏదైనా మింగారని తెలిస్తే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆ డబ్బానో మాత్రల అట్టనో ఆస్పత్రికి వెంట తీసుకెళ్లండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలి మానస్ నంబరు 14416.