మాత్రలు పారేసే ఆడవాళ్ళ మీద నేరం మోపే ముందు

రక్తహీనత మీద జరిగే శిక్షణా తరగతులకు వెళ్ళినప్పుడల్లా నాకొక మాట వినిపిస్తుంది: "ఎన్ని ఐరన్ మాత్రలిచ్చినా ఈ ఆడవాళ్ళు మింగరండీ, పారేస్తారు." చాలాకాలం నేను కూడా దీన్ని అవగాహనా లోపమనే అనుకున్నాను. నా సొంత శరీరం మొరాయించాకగాని ఆ మాటలోని అన్యాయం నాకు అర్థం కాలేదు.

నలభై రెండో ఏట మొదలైంది. కొంచెం తిన్నా కడుపు ఉబ్బేది. మూడు రోజులకొకసారిగాని విరేచనం అయ్యేది కాదు. నెలసరి పది రోజులు సాగేది. మెట్లెక్కితే ఆయాసం. డాక్టరుగారు గ్యాస్‌కొక మాత్ర, రక్తానికొక మాత్ర రాసి, "ఈ వయసులో మామూలేనమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. ఐరన్ మాత్రలతో మలబద్ధకం ఇంకా ఎక్కువైంది. రెండు వారాలకు నేనూ మానేశాను. అయితే డాక్టరేట్ ఉన్న నన్నెవరూ అజ్ఞాని అనలేదు. ఏడాదిన్నర తర్వాత మరో డాక్టరు టి.ఎస్.హెచ్. పరీక్ష చేయిస్తే థైరాయిడ్ మందగించిందని తేలింది.

మెడ ముందు భాగంలో ఉండే ఈ చిన్న గ్రంథి సరిగా పనిచేయకపోతే పేగుల కదలిక నెమ్మదిస్తుంది. మలబద్ధకం, ఉబ్బరం అందువల్లే. నెలసరి రక్తస్రావం ఎక్కువైతే ఒంట్లో ఇనుము తరిగిపోతుంది. మరోవైపు, థైరాయిడ్ హార్మోను తయారీకి అవసరమైన ఎంజైముకే ఇనుము కావాలి. అంటే ఒకదాని లోటు రెండోదాన్ని పెంచుతుంది. రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్ మీద దాడిచేసే హషిమోటో జబ్బు ఉన్నవారిలో కొందరికి జీర్ణాశయం లోపలి పొర కూడా అదేవిధంగా దెబ్బతిని బి12 విటమిన్ ఒంటబట్టదు. ఆ రక్తహీనతను ఐరన్ మాత్రలు తగ్గించలేవు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. పురుషులలో అది 25 శాతం. ఈ స్త్రీలందరికీ థైరాయిడే కారణమని నేననడం లేదు. ఎక్కువమందికి కారణం కంచంలోనే ఉంది. అందరూ తిన్నాక మిగిలింది తినడం, పప్పూ గుడ్డూ కొనలేని కూలి - ఇవి మాత్రలతో పోయేవి కావు. ఆకలికి జబ్బు పేరు పెట్టి చేతులు దులుపుకోవడాన్ని మనం ఒప్పుకోకూడదు. అలాగే జబ్బును తిండి తప్పుగా చూపి, "ఆకుకూరలు తినమ్మా" అని పంపేయడాన్నీ ఒప్పుకోకూడదు. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్, తిండితో సంబంధం లేని కారణాలుగా మలేరియా, వంశపారంపర్య రక్తదోషాలు, ఫ్లోరోసిస్‌లను ప్రత్యేకంగా పేర్కొంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించే థైరాయిడ్ లోపానికి ఆ వరుసలో చోటు దొరకలేదు.

జబ్బు బయటపడ్డాక కూడా కథ ముగియదు. థైరాక్సిన్ మాత్రను పరగడుపున, టీ టిఫిన్లకు అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. దానికీ ఐరన్, కాల్షియం మాత్రలకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే మందు సరిగా ఒంటబట్టదు. హైదరాబాదు బస్తీలో ఇళ్ళలో పనిచేసే ఒకామె ఈ మూడింటినీ కలిపి తెల్లవారుజామున చాయ్‌తో మింగుతోంది. ఎడం ఉండాలని ఆమెకెవరూ చెప్పలేదు. నేను చెబితే ఆమె అన్నది: "చాయ్ తాగకుండ నాలుగిండ్ల పని ఎట్ల జేస్త మేడం? మల్ల యాదికుండదు, అన్ని ఒక్కసారే ఏసుకుంట." పొద్దున లేచాక మొదటి గంట తన చేతిలో ఉన్న మనిషిని ఊహించుకుని రాసిన చీటీ అది. ఆ గంట ఎంతమంది ఆడవాళ్ళకు సొంతం?

మనం అడగాల్సినవి పెద్ద కోరికలేమీ కావు. మాత్రలు వాడినా నెలా రెండు నెలల్లో రక్తం పెరగని స్త్రీకి మళ్ళీ అవే మాత్రలిచ్చి పంపకుండా కారణం వెతకాలి. అవసరమైన వారికి టి.ఎస్.హెచ్., బి12 పరీక్షలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ద్వారా ఉచితంగా అందాలి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఆమె పనివేళలు అడిగి, నోటితో వివరించాలి. పరగడుపున కుదరని వారికి, రాత్రి తిన్న మూడు గంటల తర్వాత వేసుకునే వీలుందని డాక్టర్లు చెప్పాలి.

మనవైపు నుంచీ ఒక లోపముంది. హక్కుల గురించి గొంతెత్తే మనం మలబద్ధకం గురించి మాట్లాడటానికి సిగ్గుపడతాం. నేనూ ఏడాదిన్నర అలాగే దాచుకున్నాను. ఈసారి ఎవరైనా "వీళ్ళు మింగరండీ" అంటే, "ఎందుకు మానేశావని ఆమెనడిగారా?" అని అడుగుదాం. ఆమె చెప్పే జవాబు కడుపు గురించే అయినా కూర్చుని విందాం.