వేడి చేసింది కాదు మావయ్యా!

మొన్న సంక్రాంతికి గన్నవరం వెళ్తే మా మావయ్య అడిగాడు. "ఏరా అబ్బాయ్, ఆపరేషన్ అయిపోయింది, నొప్పీ లేదు. మళ్ళీ ఆ కెమెరా పెట్టించుకోవడం ఎందుకురా?"

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆయనకొచ్చింది బ్లాడర్ క్యాన్సర్ అని మా ఇంట్లో ఎవరం చెప్పలేదు. "లోపల చిన్న కండ పెరిగింది" అన్నాం, అంతే.

మొదటి తప్పు అంతకుముందే జరిగింది. ఒంటికి వెళ్తే ఎర్రగా వచ్చింది, రెండ్రోజులకి తగ్గిపోయింది. దీనికి మన దగ్గర రెడీమేడ్ డయాగ్నసిస్ ఉందిగా, "వేడి చేసింది" అని! సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, కొబ్బరి బోండాలతో ఆర్నెల్లు గడిచిపోయాయి. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడటం ఈ జబ్బుకి ముఖ్యమైన మొదటి గుర్తు. ఒక్కసారి కనబడి ఆగిపోయినా సరే, డాక్టరుకి చూపించుకోవాల్సిందే.

కారణాల్లో ముందుండేది పొగాకు. అమెరికా లెక్కల్లో దాదాపు సగం కేసులు దానివల్లే. చుట్టైనా సిగరెట్టైనా, పొగలోని విషాలు రక్తంలో కలిసి, కిడ్నీలు వడకట్టాక మూత్రంతో పాటు ఆ సంచిలో గంటల తరబడి నిలవుంటాయి. మా మావయ్యకి భోజనం లేకపోయినా ఫరవాలేదు, చుట్ట లేకపోతే కుదరదు.

మంచి విషయం ఏంటంటే, బయటపడేసరికి ఎక్కువమందిలో ఇది కండరంలోకి దిగకుండా పైపొరల్లోనే ఉంటుంది. పొట్ట కొయ్యకుండా మూత్రం వచ్చే దారిలోంచే పరికరం పంపి తీసేస్తారు. రిస్కు ఎక్కువుంటే బీసీజీ ఎక్కిస్తారు. అవును, చిన్నప్పుడు మన భుజానికి వేసిన టీబీ టీకాయే! ఇది పనిచేస్తుందని కెనడాలో డాక్టర్ మొరాలెస్ 1976లో ప్రకటించాడు.

చెడ్డ విషయం, ఇది మళ్ళీ మళ్ళీ వస్తుంది. అందుకే మూడు నెలలకి మొదటిసారి కెమెరాతో చూస్తారు, ఆ తర్వాత రిస్కుని బట్టి ఏళ్ళ తరబడి చూస్తూనే ఉంటారు. ప్రొడక్షన్‌లో బగ్ ఫిక్స్ చేసి మానిటరింగ్ ఆపేస్తామా మనం?

భయపడతాడని దాచాం. కానీ పేరే తెలియని జబ్బు కోసం ఎవరు మాత్రం అన్నిసార్లు బస్సెక్కి బెజవాడ వెళ్తారు? చుట్ట ఎందుకు మానేస్తారు? డిశ్చార్జ్ సమ్మరీ మొత్తం ఇంగ్లీషు. అది చదవగలిగిన నేను హైదరాబాద్‌లో కూర్చుని "రెస్ట్ తీసుకో మావయ్యా" అని ఫోన్ పెట్టేశాను.

కనుమ నాడు పక్కన కూర్చుని అంతా తెలుగులో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదరా" అన్నాడు.

మీ ఇంట్లోనూ అలాంటి ఫైలు బీరువాలో ఉందా? ఈసారి ఊరెళ్ళినప్పుడు తీసి, అది ఎవరిదో వాళ్ళకే చదివి వినిపించండి.