టెంటు వద్దు, బరకం చాలు

"ఏరా, అమెరికాలో ఉద్యోగం చేస్తూ గుడారం కొనుక్కోలేక బరకం కింద పడుకుంటున్నావా?" అని ఫోన్లో ఒకటే నవ్వు మా నాన్న. మా ఊళ్ళో బరకం అంటే కళ్ళంలో ధాన్యం రాశి మీద కప్పేది. మనుషులకి కాదు!

విషయం ఏవిటంటే, కారు పక్కన ఒక్క రాత్రి పడుకోడానికి ఏ టెంటైనా ఒకటే. ఐదారు రోజులు అన్నీ వీపున మోస్తూ నడిచేవాళ్ళకి మాత్రం టెంటు కన్నా టార్పే మేలని నా అభిప్రాయం.

లెక్క చూడండి. కాలిఫోర్నియాలో జాన్ మ్యూర్ ట్రెయిల్ సుమారు 340 కిలోమీటర్లు. ఎలుగుబంట్ల వల్ల తిండి దాచుకునే గట్టి డబ్బా ఆ దారిలో చాలా చోట్ల తప్పనిసరి. ఖాళీ డబ్బాయే దాదాపు కిలో. దాన్ని తగ్గించలేం, తిండినీ తగ్గించలేం. తగ్గించగలిగేది ఇల్లొక్కటే. నా పాత టెంటు 2 కిలోల పైమాటే. 8 అడుగులకి 10 అడుగుల నైలాన్ టార్పు, తాళ్ళు, మేకులు అన్నీ కలిపి ముప్పావు కిలో. స్తంభాలు అక్కర్లేదు, చేతికర్రలు చాలు. నలభై దాటిన మోకాళ్ళకి ఆ తేడా మూడోరోజు కొండెక్కుతుంటే తెలుస్తుంది.

పైగా మూసిన టెంటులో మన ఊపిరే తెల్లారేసరికి చెమ్మై గోడలకి పడుతుంది. ఈకల స్లీపింగ్ బ్యాగ్ తడిసిందంటే వెచ్చదనం పోయినట్టే. టార్పు కింద గాలి ఆడుతుంది కాబట్టి ఆ బాధ తక్కువ.

1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ళ పెద్దావిడ షవర్ కర్టెన్ ఒకటి వెంటబెట్టుకుని, 3,000 కిలోమీటర్లు పైబడిన అప్పలాచియన్ ట్రెయిల్ ఒంటరిగా నడిచేసింది. మనకేం రోగం?

అలాగని అంతా సుఖమే అనను. మొదటిసారి, చదునుగా ఉంది కదా అని చిన్న పల్లంలో కట్టాను. అర్ధరాత్రి వాన. పైనుంచి చుక్క పడలేదు, నీళ్ళు కిందనుంచి వచ్చాయి. బ్యాగ్ సగం తడిసి, వణుకుతూ కూర్చునే తెల్లార్చాను. టెంటైతే దాని అడుగు గుడ్డ నా తప్పుని కొంత కాసేది, నిజమే. కానీ అప్పట్నుంచీ ఎక్కడ ఆగినా నీరు ఎటు పారుతుంది, గాలి ఎటునుంచి వస్తోంది, పైన ఎండుకొమ్మ ఉందా అని చూడ్డం అలవాటైంది. గాలి వచ్చే వైపు అంచు నేలదాకా దించి కట్టాలి. దోమల కాలంలో వల తప్పనిసరి. మంచులో, చెట్లు లేని ఎత్తుల్లో గట్టి గాలికి మాత్రం టెంటే నయం. ముందు పెరట్లో ఒక వాన రాత్రి టెస్ట్ చేసుకోండి, నేరుగా ప్రొడక్షన్‌కి వెళ్ళకండి :)

ఈ తడిసిన కథ చెప్తే నాన్న ఈసారి నవ్వలేదు. "ధాన్యం ఎప్పుడైనా పల్లంలో పోస్తామట్రా? ముందు మెరక చూసుకోవాలి, బరకం తర్వాత" అన్నారు.

నేను డబ్బు పోసి, తడిసి నేర్చుకున్నది ఆయనకి ఎప్పట్నుంచో తెలుసు.