దర్బార్ హాలుకు చరిత్ర ఉంది, మన హాస్టల్ గదికి లేదా?



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తండాల్లో ఆడపిల్లకు డిగ్రీ సీటు వచ్చిందంటే ఇంట్లో మొదట అడిగేది ఏ గ్రూపు అని కాదు. "హాస్టల్ ఉందా బిడ్డా?" అని. హాస్టల్ ఉంటే చదువు, లేకుంటే పెళ్లి. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మేము, కాబట్టి హాస్టల్ అంటే మాకు తిండి, మంచం మాత్రమే కాదు.

హైదరాబాద్ కోఠి ఉమెన్స్ కాలేజీ సంగతి చూడండి. బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌ప్యాట్రిక్ 1803 ప్రాంతంలో మొదలుపెట్టి కట్టించిన రెసిడెన్సీ అది. 1924లో పుట్టిన మహిళా కాలేజీ 1949లో అందులోకి వచ్చింది. 2022లో మహిళా యూనివర్సిటీ అయింది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. దొర మీద తిరగబడి తన పంట కాపాడుకున్న పాలకుర్తి ఐలమ్మ పేరు అక్కడ ఉండడం మనందరికీ గర్వమే.

కానీ ఒక్క విషయం. కిర్క్‌ప్యాట్రిక్ తన భార్య ఖైరున్నీసా కోసం అదే ఆవరణలో రంగ్ మహల్ అనే జనానా కట్టించాడు. ఆడవాళ్లు బతికిన ఆ ఇంటిని 19వ శతాబ్దంలోనే కూల్చేశారు. మగవాళ్ల దర్బార్ హాలు మాత్రం ఇప్పటికీ నిలబడి ఉంది. దాని మరమ్మతుకు వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ కూడా చెయ్యి వేసింది. మంచిదే. కానీ ఆడవాళ్లు ఉన్న గదులను ఎవరూ రాసిపెట్టకపోతే ఏమైతదో ఆ రంగ్ మహలే చెప్తుంది.

1949లో అమ్మాయిలు ఆ భవనంలో అడుగుపెట్టేనాటికి మన నల్లగొండలో సాయుధ పోరాటం నడుస్తున్నది. మన తండాలోళ్లు అందులో ప్రాణాలిచ్చారు. తెలంగాణ లంబాడీలకు ఎస్టీ గుర్తింపు 1976 చట్టంతో గానీ రాలేదు. అంటే ఎస్టీ సీటుతో హాస్టల్ మెట్లెక్కిన మన మొదటి అక్కలు ఇంకా మన మధ్యనే ఉన్నారు. వాళ్లను అడిగి రాసుకునే టైం ఇదే.

అందుకే మా మాట: మన మూడు పట్టణాల్లోని ప్రతి హాస్టల్లో ఒక నోట్‌బుక్ పెడదాం. పేరు, తండా, చేరిన సంవత్సరం, చదివిన కోర్సు, ఒక గదిలో ఎంతమంది ఉన్నారు, మధ్యలో ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు, అన్నీ రాద్దాం. రేపు సీట్లు పెంచమని, గదులు బాగుచేయమని ఆఫీసుకు పోయినప్పుడు వట్టి చేతులతో పోము. కోఠిలో చదివే మనోళ్లు కూడా అక్కడ ఇదే పని మొదలుపెట్టాలి.

దర్బార్ హాలు చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మన గది చరిత్ర మనమే రాసుకోవాలె.