ఆటకు హద్దులు.. అంగడికి ఏవీ?

నూజివీడు: పందెం ఆటలపై కేంద్రం చట్టం తెచ్చింది. ఆటలను అమ్మిపెట్టే ఆన్‌లైన్ అంగళ్లకు మాత్రం స్పష్టమైన కట్టుబాట్లు లేవు. ఈ రెండింటి నడుమ సొంతంగా వీడియో గేములు రూపొందించాలనుకునే గ్రామీణ యువత చిక్కుకుంటోంది. మామిడికి పేరొందిన నూజివీడుకు ఈ అంశం దూరమైనది కాదు. 2008లో ఏర్పాటైన ట్రిపుల్‌ఐటీ ప్రాంగణం ఇక్కడే ఉంది. పదో తరగతి ముగించిన పల్లె విద్యార్థులు ఇక్కడ ఆరేళ్లపాటు చదువుతారు. వారిలో కంప్యూటర్ సైన్స్ అభ్యసించేవారికి ఆటల తయారీ ఒక ఉపాధి మార్గం కాగలదు.

నిషేధం నేర్పిన పాఠం

రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని 1967లో సుప్రీంకోర్టు పేర్కొంది. నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసు అది. దశాబ్దాల తరువాత ఆన్‌లైన్ రమ్మీ సంస్థలు ఆ తీర్పునే కవచంగా చేసుకున్నాయి.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ జూద నిరోధక చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. నిర్వాహకులతోపాటు ఆడేవారికీ జైలుశిక్ష పడేలా ఆంధ్రప్రదేశ్ సవరణ తెచ్చింది. అయితే యాప్‌లను అడ్డుకునే అధికారం రాష్ట్రం చేతిలో లేదు. అందుకే 132 వెబ్‌సైట్లు, యాప్‌లను నిలిపివేయాలని కోరుతూ నాటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి 2020 అక్టోబరులో కేంద్రానికి లేఖ రాశారు. జిల్లా పోలీసులు పేకాట శిబిరంపై దాడి చేయగలరు గానీ సెల్‌ఫోన్‌లోని అంగడిని మూయించలేరని దీంతో తేటతెల్లమైంది.

ఒకే గాటన కట్టకుండా..

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆటలను మూడుగా విభజించింది.

* డబ్బు ఆటలు: గెలిస్తే లాభం వస్తుందన్న ఆశతో సొమ్ము చెల్లించి ఆడేవి. నైపుణ్యమైనా, అదృష్టమైనా నిషేధమే. నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చినవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా.
* ఈ-క్రీడలు: పోటీ క్రీడలుగా గుర్తింపు, ప్రోత్సాహం.
* సామాజిక ఆటలు: వినోదం, విజ్ఞానం కోసం ఆడేవి. చందా లేదా ప్రవేశ రుసుము తీసుకోవచ్చు. పందెం కూడదు.

రాష్ట్ర చట్టానికి భిన్నంగా కేంద్ర చట్టం ఆడేవారిని శిక్షించదు. వారిని నేరస్థులుగా గాక బాధితులుగా చూసింది. డబ్బు ఆటల వల్ల ఏటా ప్రజలు 20 వేల కోట్ల రూపాయలకు పైగా నష్టపోతున్నారని బిల్లు సందర్భంగా ప్రభుత్వం అంచనా వేసింది. సొమ్ము పోగొట్టుకున్న కుటుంబాలు శిక్ష భయంతో దాచిపెట్టకుండా, సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930ను ఆశ్రయించేందుకు ఈ మార్పు తోడ్పడుతుంది.

పంట ఒకరిది.. కమీషన్ మరొకరిది

అసలు చిక్కు అంగడి దగ్గర ఉంది. బంగినపల్లి, రసాలు పండించే రైతుకు కమీషన్, తరుగు అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆట తయారుచేసే యువకుడి పరిస్థితీ అలాంటిదే. స్టీమ్ అంగడిలో ఒక్కో ఆటను ప్రవేశపెట్టేందుకు 100 డాలర్లు కట్టాలి. అమ్మకాలపై 30 శాతం వాటా ఇవ్వాలి. గూగుల్ ప్లే కూడా చాలాకాలం 30 శాతమే వసూలు చేసింది. 2021 జులై నుంచి ఏడాదిలో తొలి 10 లక్షల డాలర్ల రాబడిపై దాన్ని 15 శాతానికి తగ్గించింది.

చెల్లింపులన్నీ తన పద్ధతిలోనే జరగాలని ఒత్తిడి తెచ్చినందుకు 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2025 మార్చిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ దాన్ని 216.69 కోట్లకు కుదించింది. 2022లో గూగుల్ తన అంగడిలోకి రమ్మీ, ఫాంటసీ క్రీడల డబ్బు యాప్‌లను మాత్రమే ప్రయోగాత్మకంగా అనుమతించింది. మిగతా వాటికి తలుపులు మూసిందన్న ఫిర్యాదుపై 2024 నవంబరులో కమిషన్ విచారణకు ఆదేశించింది. ఏ ఆట జనంలోకి వెళ్లాలో ప్రభుత్వం కంటే ముందు అంగడే తేల్చేసిందన్నమాట.

మామిడి వ్యాపారంలో 1966 నాటి మార్కెట్ల చట్టం ఉంది. అమలులో లోపాలున్నా కమీషన్ ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. రైతు మొర వినడానికి మార్కెట్ కమిటీ ఉంది. ఆటల అంగడిలో ఆ పాటి వెసులుబాటు కూడా కనిపించదు. యాప్‌ను తొలగిస్తే ఈ-మెయిల్‌లో వచ్చే జవాబే దిక్కు.

చిన్నవారికే చిక్కులు

ట్రిపుల్‌ఐటీలో చేరేనాటికి విద్యార్థి వయసు సాధారణంగా 16 ఏళ్లకు అటూఇటుగా ఉంటుంది. గూగుల్ ప్లేలో డెవలపర్ ఖాతా తెరవాలంటే 18 నిండాలి. ఆటలో నాణేలు అమ్మితే, వాటిని తిరిగి డబ్బుగా మార్చుకునే వీలుంటే అది డబ్బు ఆట కిందికి రావచ్చు. 18 ఏళ్ల లోపువారి వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి ఉండాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం చెబుతోంది. పెద్ద సంస్థలకు ఇవన్నీ చూసుకునేందుకు న్యాయవాదులుంటారు. అద్దె గదిలో ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి చేసే ఆటకు ఎవరున్నారు?

ఏ ఆట ఏ కోవలోకి వస్తుందో తేల్చే అధికారాన్ని కేంద్ర ప్రాధికార సంస్థకు చట్టం అప్పగించింది. ఆ నిర్ణయం నిర్ణీత గడువులో వెలువడాలి. చిన్న తయారీదారులకు రుసుము నామమాత్రంగా ఉండాలి. దరఖాస్తు, అప్పీలు విధానాలు తెలుగులోనూ అందుబాటులోకి రావాలి. ఆటను తొలగించే ముందు అంగడి కారణం చెప్పి, సంజాయిషీకి అవకాశమివ్వాలన్న షరతు కూడా నిబంధనల్లో చేరాలి. విశ్వవిద్యాలయ స్థాయిలో ఒక సలహా కేంద్రం నెలకొల్పడం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. పందేన్ని అరికట్టినంత మాత్రాన బాధ్యత తీరిపోదు. నిజాయితీగా ఆటలు తయారుచేసే వారికి న్యాయమైన అంగడిని కల్పించినప్పుడే నియంత్రణ లక్ష్యం నెరవేరుతుంది.