నర్సుల నిష్పత్తికి చట్టరక్షణ: న్యూ సౌత్ వేల్స్ తెలుగువారికి విజ్ఞప్తి

ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు, మానసిక చికిత్సాలయాలు అన్నీ కలిపి 2035 నాటికి ఆస్ట్రేలియాలో పూర్తికాలపు ఉద్యోగాల లెక్కన 70,707 మంది నర్సుల కొరత ఏర్పడుతుందని ఆ దేశ కేంద్ర ప్రభుత్వమే 2024లో అంచనా వేసింది. ఉన్న కొద్దిమందిపై ఆ భారమంతా పడకుండా హద్దు గీసేది నర్సు-రోగి నిష్పత్తి, అనగా ఒక షిఫ్టులో ఒక్కో నర్సుకు అప్పగించదగిన రోగుల సంఖ్యకు విధించే పరిమితి.

2016 జులై నుంచి క్వీన్స్‌లాండ్ రాష్ట్రం నిర్దేశిత వార్డుల్లో సగటున పగటి షిఫ్టులకు నలుగురు రోగులకు ఒకరు, రాత్రి ఏడుగురికి ఒకరు చొప్పున నర్సులు ఉండాలన్న చట్టాన్ని అమలుచేస్తోంది. ఆ చట్టం వర్తించిన 27 ఆసుపత్రులను వర్తించని 28 ఆసుపత్రులతో పోల్చి, 2021లో లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడిన అధ్యయనం రెండేళ్లలో 145 మరణాలు తప్పాయని, అదనపు నర్సులకైన వ్యయానికి రెట్టింపు సొమ్ము ఆదా అయిందని అంచనా కట్టింది. 145 ప్రాణాల లెక్క విన్న తరువాత కూడా ఖర్చు మాట ఎత్తేవారితో వాదించి ప్రయోజనం లేదు.

నిష్పత్తి వేతన ఒప్పందంలో ఉంటే చాలదా అన్న సందేహానికి విక్టోరియా రాష్ట్ర అనుభవమే సమాధానం. అక్కడ 2000లోనే నర్సులు నిష్పత్తులను సాధించుకున్నా, అవి వేతన ఒప్పందంలో భాగంగానే ఉండిపోవడం వల్ల ఒప్పందం గడువు తీరినప్పుడల్లా వాటిని మళ్లీ కాపాడుకోవలసి వచ్చింది. 2011-12లో పడకలు మూసివేసేదాకా సాగిన సుదీర్ఘ పోరాటం తరువాత, 2015లో గాని అవి చట్టంగా స్థిరపడలేదు. న్యూ సౌత్ వేల్స్‌లో 2023లో అధికారంలోకి వచ్చిన లేబర్ ప్రభుత్వం అత్యవసర విభాగాలతో మొదలుపెట్టి కనీస సిబ్బంది స్థాయిలను దశలవారీగా అమలుచేస్తున్నప్పటికీ, విక్టోరియాలో ఉన్నటువంటి ప్రత్యేక చట్టపు అండ వాటికి లేదు.

అటువంటి చట్టాన్ని సాధించడంలో తెలుగు సంఘాల బాధ్యత తక్కువేమీ కాదు. ఉగాదికీ దీపావళికీ శాసనసభ్యులను వేదికనెక్కించి, శాలువాలు కప్పి, ఫొటోలు దిగి పంపించే సంఘాలు నిష్పత్తులను చట్టం చేస్తారా అన్న ఒక్క ప్రశ్న అడగడానికి మాత్రం వెనుకాడడం క్షమించదగినది కాదు. పురుళ్లకూ, చుట్టపుచూపుగా వచ్చిన తల్లిదండ్రుల గుండెనొప్పికీ పరుగెత్తేది అదే ప్రభుత్వాసుపత్రికి కాదా? పిల్లలను డాక్టర్లను చేయాలని తపించే ఇళ్లలో నర్సు వృత్తి పట్ల కనబడే చిన్నచూపు కూడా ఈ మౌనానికి ఒక కారణమని చెప్పక తప్పదు.

యజమాని స్పాన్సర్ చేసిన వీసాపై పనిచేసే నర్సు తన వార్డులోని కొరత గురించి నోరు విప్పడానికి జంకడం సహజం కనుక, ఓటుహక్కు గల పౌరులే ముందుకు రావాలి. రాష్ట్ర ఎన్నికలు 2027 మార్చిలో జరగవలసి ఉన్నాయి. ప్రతి కుటుంబం తన నియోజకవర్గ శాసనసభ్యునికి, పోటీచేసే ఇతర అభ్యర్థులకు కూడా లేఖ రాసి, క్వీన్స్‌లాండ్‌లో తప్పిన 145 మరణాల లెక్కను ఉటంకిస్తూ, నిష్పత్తులను చట్టం చేస్తారా, చేయరా అని అడగాలి. లిఖితపూర్వకంగా వచ్చిన జవాబులను, జవాబివ్వనివారి పేర్లను సంఘాలు తమ సభ్యులందరికీ పోలింగుకు ముందే అందించాలి.