పత్రాల లెక్కలో పడని పని

శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధనలో ఎంత సాధించిందో చెప్పడానికి నేడు మూడు లెక్కలు చూస్తున్నారు. అక్కడి అధ్యాపకులు, స్కాలర్లు ఎన్ని పత్రాలు అచ్చు వేయించారు, వాటిని తోటి శాస్త్రవేత్తలు తమ రచనల్లో ఎన్నిసార్లు ఉదహరించారు, అవి ఏ స్థాయి జర్నళ్లలో వచ్చాయి అన్నవే ఆ మూడు. ఈ పద్ధతికి పునాది 1964లో యూజీన్ గార్‌ఫీల్డ్ అమెరికాలో వెలువరించిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్. ఏ పత్రం ఏ పత్రాన్ని ఆధారం చేసుకుందో వెతికి పట్టుకోవడానికి పుట్టిన ఆ సూచిక, కాలక్రమంలో మనుషులను, సంస్థలను తూచే తక్కెడ అయింది. 2004లో స్కోపస్ అనే మరో సూచిక వచ్చింది. 2005లో భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ హెచ్-ఇండెక్స్‌ను ప్రతిపాదించాడు. ఒక పరిశోధకుడి పత్రాల్లో పదేసిసార్లకు తగ్గకుండా ఉదహరింపు పొందినవి పది ఉంటే ఆయన సూచిక పది. ఒక్క పత్రమే వేలసార్లు ఉదహరింపు పొందినా, దానికి తోడు మరొకటి లేకపోతే ఆ సూచిక ఒకటి దాటదు.

మన దేశంలో ఈ లెక్కలకు అధికార ముద్ర వేసింది కేంద్ర విద్యాశాఖ ర్యాంకుల విధానం. ఎన్ఐఆర్ఎఫ్ పేరుతో 2015లో దాన్ని ప్రకటించి, 2016లో తొలి జాబితా విడుదల చేశారు. విశ్వవిద్యాలయాలకూ ఇంజనీరింగ్ కళాశాలలకూ ఇచ్చే నూరు మార్కుల్లో ముప్పై పరిశోధనవే. పత్రాల సంఖ్యను స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ భాండాగారాల నుంచి తీసుకుంటారు. ఆ భాండాగారాల్లో లేని జర్నల్‌లో వచ్చిన పని ఎంత గొప్పదైనా ఈ లెక్కలోకి రాదు.

హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయానికి ఈ లెక్కలో ఒక చిక్కు ఉంది. ఈ సంస్థ 1972 అక్టోబర్ 2న ఏర్పడింది. హైదరాబాద్, కాకినాడ, అనంతపురం కళాశాలలు దాని కింద ఉండేవి. 2008లో విభజన జరిగి మూడు చోట్లా వేర్వేరు విశ్వవిద్యాలయాలు వచ్చాయి. అందువల్ల పాత పత్రాల్లో ఒక పేరు, కొత్త పత్రాల్లో మరో పేరు కనిపిస్తాయి. పొడి అక్షరాలతో రాసినవి కొన్ని, పూర్తి పేరుతో రాసినవి కొన్ని. అనుబంధ కళాశాలల అధ్యాపకులు తమ కళాశాల పేరు మాత్రమే రాస్తే ఆ పని విశ్వవిద్యాలయ ఖాతాలో పడదు. పేరు ఒకే తీరున రాయాలన్న చిన్న నియమం పాటించకపోతే, చేసిన పని కూడా చేయనట్టే అవుతుంది.

దీనికంటే బరువైన చిక్కు మరొకటి ఉంది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు కనీసం ఒక పత్రం అచ్చు వేయించాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009 నిబంధనల్లో విధించింది. మంచి ఉద్దేశంతోనే పెట్టిన ఆ నియమం చాటున, డబ్బు తీసుకుని పరిశీలన లేకుండా అచ్చువేసే నకిలీ జర్నళ్లు పుట్టుకొచ్చాయి. వాటిని ఏరివేయడానికి 2018లో నమ్మదగిన జర్నళ్ల పేర్లతో కేర్ జాబితా పెట్టారు. 2022లో పీహెచ్‌డీకి ముందు పత్రం తప్పనిసరి అన్న నియమాన్ని తీసేశారు. 2025లో కేర్ జాబితానూ ఆపేశారు. పదహారేళ్లలో ఇన్ని మార్పులు రావడానికి కారణం ఒక్కటే: పని విలువను పత్రాల సంఖ్యతో చూడటం. ఆ సంఖ్యే గమ్యమైనప్పుడు ప్రశ్న ఎక్కడి నుంచి పుట్టింది, జవాబు ఎవరికి చేరింది అని అడిగేవారు ఉండరు.

ఆ రెండు ప్రశ్నలూ అడగడానికి రామన్నపేట తగిన చోటు. 2016 దాకా నల్లగొండలో, ఆ తర్వాత యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం గ్రానైట్ రాతి నేల. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఈ నేల పాత శత్రువు. ఉమ్మడి నల్లగొండ జిల్లా పేరు ప్రపంచ శాస్త్ర సాహిత్యంలోకి ఎక్కింది ఈ బాధ వల్లనే. 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ తెచ్చే ఫ్లోరోసిస్ వ్యాధి రోగుల గురించి రాసిన పత్రం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి, ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోయే వ్యాధిని లాన్సెట్ పత్రికలో వివరించారు. పెద్ద జర్నళ్లకు ఉన్న విలువ ఇక్కడ తెలుస్తుంది. నడుము వంగిన మనుషుల బాధను అవి ప్రపంచం ముందు నిలబెట్టాయి.

నీటిలోకి ఫ్లోరైడ్ ఎలా వస్తున్నదో భూగర్భ శాస్త్రవేత్తలు తేల్చారు. 1993లో అచ్చయిన ఒక అధ్యయనం నల్లగొండ జిల్లా నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 20 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు చూపింది. తాగునీటిలో భారతీయ ప్రమాణం ఒక మిల్లీగ్రాము. మరో నీటి వనరు లేనిచోట గరిష్ఠంగా 1.5 వరకు అనుమతి ఉంది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని వాయిలపల్లి పరీవాహక ప్రాంతంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన డి.వి. రెడ్డి బృందం చేసిన అధ్యయనం 2010లో కెమికల్ జియాలజీ జర్నల్‌లో వచ్చింది. గ్రానైట్ రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలో కరుగుతుంది. నీటిలో కాల్షియం తగినంత ఉంటే దానితో కలిసి గట్టిపడి అడుగున చేరుతుంది. ఇక్కడి నీటిలో కాల్షియం తక్కువ కాబట్టి కరిగిన ఫ్లోరైడ్ కరిగినట్టే నిలుస్తుంది. వాన తక్కువై, నీరు రాతిలో ఎక్కువ కాలం నిలవడం దాన్ని ఇంకా పెంచుతుంది.

కారణం తెలిశాక మందు కావాలి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు నవ్లాఖే, కులకర్ణి, పాఠక్, బులుసు 1975లో ఆ మందు గురించి రాశారు. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి వేగంగా తిప్పాలి. ఆ తర్వాత మెల్లగా తిప్పుతుంటే తెల్లని తెట్టులు కట్టి ఫ్లోరైడ్‌ను పట్టుకుంటాయి. అవి అడుగుకు చేరాక పైనున్న నీటిని వడగట్టుకోవాలి. బిందె, బకెట్టు ఉన్న ఇంట్లోనూ చేయగల పని ఇది. దీనికి వారు పెట్టిన పేరు నల్లగొండ టెక్నిక్. ఆ పత్రం అచ్చయింది ఇండియన్ జర్నల్ ఆఫ్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ అనే దేశీయ పత్రికలో. నేటి ర్యాంకుల కొలతలో దానికి దక్కే మార్కు స్వల్పం. అయినా టాంజానియా, కెన్యా, ఇథియోపియా వంటి దేశాల్లో ఈ పద్ధతిని వాడి చూశారు. ఫ్లోరైడ్ శుద్ధి గురించి ప్రపంచంలో ఎక్కడ చదివినా నల్లగొండ పేరు కనిపిస్తుంది. దీనికి లోపాలూ ఉన్నాయి. మోతాదు తప్పితే నీటిలో అల్యూమినియం మిగులుతుంది, మడ్డిని పారబోయడం సమస్య అవుతుంది, రోజూ శ్రద్ధగా చేసే మనిషి కావాలి. ఆ లోపాలను తరువాతి పరిశోధకులు పరీక్షించి రాశారు. శాస్త్రం ముందుకు నడిచే తీరు అదే.

చివరకు ఊళ్లకు తాగునీటి మార్పు తెచ్చినది నదీజలం. రామన్నపేట పక్కనున్న చౌటుప్పల్‌లో 2015 జూన్ 8న ఇంటింటికీ నల్లా నీరు ఇచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ ఆవిష్కరణ జరిగింది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ ప్రాంతంలో పథకం మొదలైంది. అంతమాత్రాన ప్రశ్నలు ముగియలేదు. నల్లా నీరు మనుషులకు వచ్చినా పశువులకు, పొలాలకు బోరు నీరే ఆధారం. మూసీ నది కాలువల కింద వరి పండే పొలాలకు హైదరాబాద్ మురుగు, పరిశ్రమల వ్యర్థాలు మోసుకొచ్చే నీరు చేరుతున్నది. ఆ నేలలో, ఆ గింజలో, ఆ గడ్డి తిన్న పశువు పాలలో ఏమున్నదో ఏటేటా కొలిచి చెప్పేవారు కావాలి.

ఈ పనికి సాంకేతిక విశ్వవిద్యాలయం కంటే తగిన సంస్థ లేదు. పైన చెప్పిన పోషకాహార సంస్థ, భూభౌతిక సంస్థ, నీరి మూడూ కేంద్ర ప్రయోగశాలలే. అక్కడి శాస్త్రవేత్తలు నమూనా కోసం ఊరికి వచ్చి వెళ్లాలి. అనుబంధ కళాశాలల విద్యార్థులు ఆ ఊళ్లలోనే పుట్టి, ఆ నీళ్లే తాగి పెరిగినవారు. నల్లగొండలో 2007లో ఏర్పడిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమూ ఈ నేల మీదిదే. బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టుల్లో కొన్నిటిని ఒకే పద్ధతిలో సొంత మండలం బోరు నీటి పరీక్షకు కేటాయిస్తే, పదేళ్లలో ఏ ప్రయోగశాలకూ లేని సమాచారం పోగవుతుంది.

దానికి మూడు ఏర్పాట్లు అవసరం. నమూనా తీసుకున్న ప్రతి బోరు ఫలితం ఆ గ్రామ పంచాయతీకి తెలుగులో, ఒక పేజీలో, అందరికీ తెలిసే మాటల్లో చేరాలి. ప్రతి సిద్ధాంత గ్రంథంతోపాటు తెలుగు సారాంశం సమర్పించడం నియమం కావాలి. అధ్యాపకుల పదోన్నతిలో, విశ్వవిద్యాలయ వార్షిక నివేదికలో పత్రాల పట్టిక పక్కన మరో పట్టిక ఉండాలి. ఆ ఏడాది పరిశోధన వల్ల ఏ ఊరికి నీరు మారింది, ఏ శాఖ తన పద్ధతి మార్చుకుంది, ఏ రైతుకు ఏ సలహా అందింది అన్నవి అందులో రాయాలి. పత్రాల లెక్కను తీసేయనక్కర్లేదు. సిద్దిఖీ పత్రం లేకపోతే నల్లగొండ బాధ లోకానికి తెలిసేది కాదు. అయితే ఆ లెక్కకు ఊరి లెక్క తోడైనప్పుడే విశ్వవిద్యాలయ పరిశోధన ఎంతటిదో పూర్తిగా చెప్పినట్టు.